తెగిన పోగు

సాంచెలు నడుస్తున్న షెడ్డులో తుపాకీ పేలినా పక్కవాడికి వినపడదు. నర్సన్నను చంపడానికి వచ్చినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

సిరిసిల్లలో ఆ పొద్దున ఎప్పటిలాగే సాంచెలు, అంటే మరమగ్గాలన్నీ ఒక్క ఊపులో దడదడలాడుతున్నాయి. ఆ మోతలో పనివాళ్ళు సైగలతోనే మాట్లాడుకుంటారు. అక్కడ చెవికెక్కే కేక ఒక్కటే. పోగు తెగిందని చూసినవాడు కడుపులోంచి ‘పోగూ!’ అని అరుస్తాడు. ఆ కేక చెవిన పడితే సాంచె నడిపేవాడి ఎడమ చెయ్యి దానంతటదే ఆపే హ్యాండిల్ మీదికి పోతుంది. ఆ కేక నిద్రలో వినపడినా పోతుంది.

లక్ష్మీరాజం మూలన వంగి, నూలు అయిపోయిన కండె తీసి కొత్తది పెడుతున్నాడు. తలెత్తేసరికి పక్క సాంచె నడుపుతున్న నర్సన్న వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు. రెండోవాడి ముఖం మీద ఏ గుడ్డా లేదు. ఆ ముఖం లక్ష్మీరాజానికి తెలుసు. జీతాల సమ్మె చేసినప్పుడు కార్మికులందరినీ స్టేషనులో గోడకు నిలబెట్టి లాఠీతో లెక్కపెట్టిన పోలీసు సారు ముఖం అది.

తువ్వాలవాడు నర్సన్న జుట్టు పట్టుకుని తల వెనక్కి విరిచి, గొంతు కింద పిస్తోలు ఆనించి కాల్చాడు.

చప్పుడు లేదు. నర్సన్న ఎగిరి సాంచె మీద బోర్లా పడ్డాడు. తెల్లటి బట్ట మీద నెత్తురు చిమ్మింది. సాంచె ఆగలేదు. ఆ నెత్తుటి మరకను బట్టతో పాటే చుట్టుకుంటూ నేస్తూనే ఉంది. నర్సన్న చెయ్యి ఆ ఊపుకు ఊగుతూ ఇంకా పని చేస్తున్నట్టే కనపడింది.

లక్ష్మీరాజం చేతిలోంచి కండె జారింది. సారు తల తిప్పాడు. అంతే, లక్ష్మీరాజం సాంచెల మధ్య నుంచి వెనక తలుపుకు దూకాడు. ఒక గుండు చెవి పక్కనుంచి పోయి గోడ సున్నం రాల్చింది. వాళ్ళ కంటికి దొరికింది అతని వీపు ఒక్కటే.

మరునాడు పేపర్లో బీర్పూర్ అడవిలో ఎదురుకాల్పులు, ఒక నక్సలైటు మృతి అని పడింది. ఫొటోలో నర్సన్నకు ఆలివ్ గ్రీన్ చొక్కా తొడిగారు. రెండేళ్ళ కింద దళానికి అలాంటి బట్టే కుట్టించి పంపాడన్నది అతని మీద నేరం. పంపినవాడికే ఆ బట్ట తొడిగి పండబెట్టారు.

జగిత్యాలలో వకీలు సారు అన్నీ విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూసినోనివి నువ్వొక్కనివేనా?"

"నేనొక్కన్నే సార్. మిగిలినోళ్ళు చాయ్‌కు పోయిండ్రు."

"కోర్టు సెలవులు అయిపోనీ. నిన్ను తీసుకపోయి జడ్జి ముందల నిలబెడ్త. అప్పటిదాంక నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటే. బతికుండాలె."

కొండగట్టులో దాక్కోవాలన్న ఆలోచన లక్ష్మీరాజం భార్య సత్యవ్వది.

"అంజన్న కాడ గాలి సోకినోళ్ళు మస్తుమంది ఉంటరు. పిచ్చోని మొకం ఎవ్వలు తేరిపార సూడరు. గుండు కొట్టించుకొని నాతోని రా."

ఎప్పుడో ఒక పశువుల కాపరి తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ ఈ కొండెక్కాడని, ముళ్ళపొదలో అంజన్న దొరికాడని చెప్తారు. ఒక పక్క నరసింహుడి ముఖం, ఒక పక్క ఆంజనేయుడి ముఖం ఉన్న దేవుడు. దయ్యం పట్టినా, మతి చెడినా ఈ ప్రాంతం జనం ఆ రెండు ముఖాల దేవుడి దగ్గరికే తెస్తారు. కోనేట్లో ముంచి, తడిబట్టలతో గుడి చుట్టూ తిప్పి, మండపంలో స్తంభానికి కట్టి కాపలా ఉంటారు. కట్టేసినవాళ్ళు అరుస్తారు. తిడతారు. ఒకడు నేను కలెక్టర్నంటాడు, ఒకామె నేను ఎల్లమ్మనంటుంది. దారినపోయే భక్తులు దండం పెట్టి తప్పుకుంటారు.

లక్ష్మీరాజం గుండుకు సింధూరం పూసుకుని, కాలికి తాడుతో స్తంభానికి కట్టించుకుని, చొంగ కారుస్తూ కూర్చున్నాడు. మాది బీర్పూరు, ఎవుసం చేసుకునేటోళ్ళం అని సత్యవ్వ అందరికీ చెప్పింది. పక్క స్తంభం కోరుట్ల ఐలవ్వది. ఆమె కొడుకు సారయ్య నిజంగా మతి చెడినవాడు. సాంచె నడుపుతున్నవాణ్ణి, అన్నలకు అన్నం పెట్టాడని పట్టుకపోయి, తలకిందులుగా వేలాడదీసి అరికాళ్ళు పగలగొట్టారట. పేరు తప్పు, మనిషి వేరని తేలాక వదిలేశారు. అప్పటినుంచి మాట లేదు. నవ్వు మాత్రం ఉంది.

"మా సారిగాడు మంచోడు బిడ్డా. కోతికి గూడ మొక్కుతడు," అని ఐలవ్వ ఉన్న గటకలో సగం సత్యవ్వకు పెట్టేది.

వకీలు సారు వస్తానన్న మంగళవారం రానే వచ్చింది. భక్తుల రద్దీలో కలిసి, పేపరోళ్ళను వెంటేసుకుని, సాయంత్రం బస్సుకు వస్తానని కబురు. ఆ పొద్దున్నే జలపతి అనేవాడు కూడా కొండెక్కాడు.

మెరిసే పాలిస్టర్ చొక్కా, చేతికి గడియారం, నోట్లో విదేశీ సిగరెట్టు. వెల్గటూరు రైతునని, దుబాయి నుంచి వచ్చానని, మళ్ళీ వీసా దొరికితే సేవ చేస్తానని మొక్కుకున్నానని చెప్పాడు. అందరికీ కొబ్బరి ముక్కలు పంచాడు. ఐలవ్వ కాళ్ళకు మొక్కాడు.

"దుబాయిల వానలు వడ్తయా కొడుకా?"

"వానెక్కడిది అవ్వా, చెమటనే. ఆడికి పోతే నీ ముడుతలన్నీ ఇస్త్రీ అయితయి."

మండపమంతా నవ్వింది. స్వామికి తమలపాకుల దండలు కట్టే ఆడవాళ్ళ మధ్య కూర్చుని, "నేను గూడ కడ్త ఇయ్యరాదుండ్రి," అని దారపు ఉండ అడిగి తీసుకున్నాడు. దండ మాత్రం కట్టలేదు. ఉండ పట్టుకుని లేచి, స్తంభం స్తంభం దగ్గరికీ వెళ్ళడం మొదలుపెట్టాడు.

లక్ష్మీరాజం వేలాడేసిన తల కింద నుంచి చూస్తున్నాడు. జలపతి కట్టేసిన ప్రతి మగవాడి ముందూ గొంతుక్కూర్చుంటున్నాడు. బారెడు దారం తీసి వాడి ముఖం ముందు బిగించి, పటుక్కున తెంపి, రెండు కొసలూ వాడి ఒళ్ళో వేస్తున్నాడు. "అరెరె, తెగె గదనే!" అని నవ్వుతున్నాడు. కళ్ళు మాత్రం వాడి వేళ్ళ మీద. ఒకడు దారం నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకడు ఉమ్మాడు. జలపతి లేచి తర్వాతి స్తంభానికి పోతున్నాడు.

తెగిన పోగు కంటపడితే సాంచె పనివాడి చెయ్యి ఊరుకోదు. బుర్ర వద్దన్నా వేళ్ళు పోతాయి. ఆ సంగతి వెల్గటూరు రైతుకు ఎట్లా తెలుసు? దుబాయిలో ఎవరు నేర్పారు? ఇది తెలిసినవాడు వాడూ సాంచె నడిపి ఉండాలి. షెడ్డులో తువ్వాల చుట్టుకున్నవాడు, మోతలో తుపాకీ వినపడదని తెలిసినవాడు, వీడే.

సాక్షి ఈ కొండ మీదే ఉన్నాడని ఎవరో ఉప్పందించి ఉంటారు. వెతకడానికి వచ్చి తన గుట్టు తానే విప్పుకున్నాడు. కానీ ఆ ముక్క చెప్పుకోవడానికి ముందు లక్ష్మీరాజం బతకాలి. జలపతి అతని ముందు కూర్చున్నాడు.

"ఏం తమ్మీ, ఏ ఊరు మీది?"

"బీర్పూరు," అంది సత్యవ్వ. "నాగలి వట్టేటోడు. పురుగుల మందు కొట్టంగ మతి చెడ్డది."

"అట్లనా." దారం బిగిసింది. పటుక్కుమంది. రెండు కొసలు లక్ష్మీరాజం మోకాళ్ళ మీద పడ్డాయి.

కుడిచేతి బొటనవేలు కదిలింది. చూపుడువేలు కదిలింది. లక్ష్మీరాజం ఆ చేతిని గభాలున నోట్లో కుక్కుకుని, ఊళ పెడుతూ కసుక్కున కొరికాడు. పళ్ళు చర్మం దాటి దిగాయి. నెత్తురు గడ్డం మీదుగా కారి దారపు కొసలను తడిపింది. సత్యవ్వ కెవ్వుమని అరిచి అతని దవడలు విడదీయబోయింది. జలపతి చొక్కా మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

"థూ! కుక్క లెక్కనే ఉన్నడు," అంటూ జలపతి లేచి పక్క స్తంభానికి పోయాడు.

సారయ్య అతన్ని చూసి నవ్వాడు. దారం తెగింది. కొసలు ఒళ్ళో పడ్డాయి. సారయ్య నవ్వు ఆగింది. ముఖంలోకి ఎక్కడినుంచో ఒక వెలుగు వచ్చింది. రెండు కొసలను ఒక్క చేత్తో కలిపి, బొటనవేలితో మెలిపెట్టి, చిటికెలో ముడివేసి, మిగిలిన కొస పంటితో కొరికాడు. అతికిన దారాన్ని ఎంతో గొప్పగా జలపతికి చాచాడు.

జలపతి ఆ ముడిని చాలాసేపు చూశాడు.

"మస్తు అతికినవ్ తమ్మీ," అన్నాడు మెల్లగా. ఐలవ్వ వైపు తిరిగి, "అవ్వా, ఇతన్ని కోనేటికి తోల్కపోయి నాలుగు ముంతలు పోసుకస్త. సేవ జేస్తనని మొక్కిన గద," అన్నాడు.

"నీ కడుపు సల్లగుండ," అంది ఐలవ్వ తాడు విప్పుతూ.

జలపతి సారయ్య భుజం చుట్టూ చెయ్యి వేసి నడిపించాడు. కోనేరు కుడివైపు. వాళ్ళు ఎడమకు తిరిగారు. అటువైపు రాళ్ళ గుట్ట, దాని కింద లోయ. పిచ్చివాడు కాలుజారి పడితే అడిగేవాడు ఉండడు.

లక్ష్మీరాజం లేవబోయాడు. సత్యవ్వ తాడును రెండు చేతులా పట్టుకుంది.

"కూసో! ఎటు వోతవ్?"

"నేననుకొని ఆన్ని తీస్కపోతుండు."

"ఎరికే. సూసిన." ఆమె తాడు వదల్లేదు. "పొద్దుమూకేలోపు వకీలు సారు అస్తడు. ఆడు పనైపోయిందనుకొని దిగిపోతడు. నువ్వు బతుకుతవ్. నర్సన్న కోసమన్న బతకాలె గద నువ్వు!"

ఆమె చెప్పింది అబద్ధం కాదు. కళ్ళు మూసుకుంటే చాలు. జలపతి కొండ దిగిపోతాడు, సాక్షి కోర్టుకు పోతాడు, నర్సన్నను చంపినవాళ్ళకు సంకెళ్ళు పడతాయి. ఒక్క పిచ్చివాడు పోతాడు, అంతే.

అప్పుడే ఐలవ్వ గిన్నె పట్టుకుని వచ్చింది. "గీ బువ్వ సల్లారుతది బిడ్డా, మా సారిగానికి రెండు ముద్దలు మూసిపెట్టు. తానం జేసొస్తే ఆకలైతది ఆనికి."

సత్యవ్వ గిన్నె అందుకుంది. దాన్ని చూసింది. ఏడుస్తూ వంగి, మొగుడి కాలి ముడిని తానే విప్పింది.

"తాడు గూడ తీస్కపో," అంది.

రాళ్ళ మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. లక్ష్మీరాజం చేతులతో కాళ్ళతో పాకి ఎక్కేసరికి సారయ్య అంచున మోకాళ్ళ మీద ఉన్నాడు. జలపతి ఎడమచేత్తో అతని మెడ పట్టుకుని, ఇంకో చేత్తో రాయి ఎత్తాడు. సారయ్య ముక్కు అప్పటికే చితికిపోయింది. నెత్తుటి బుడగల్లోంచి ఇంకా నవ్వడానికే చూస్తున్నాడు.

ఇద్దరికీ మధ్య దూరం ఎక్కువ. దూకినా అందడు. రాయి పైకి లేచింది.

లక్ష్మీరాజం కడుపులోంచి అరిచాడు.

"పోగూ...!"

జలపతి ఎడమచెయ్యి సారయ్య మెడ వదిలేసింది. గాలిలో లేని హ్యాండిల్ కోసం పక్కకు దూసుకుపోయింది. చెయ్యి ఖాళీలో మూసుకున్నాక వాడికి అర్థమయింది. అర్థమై తిరిగేలోగా లక్ష్మీరాజం తల వాడి డొక్కలో దిగింది.

ఇద్దరూ రాళ్ళ మీద దొర్లారు. ఇక్కడ సాంచెల మోత లేదు, తుపాకీ పేలితే కొండంతా వింటుంది; జలపతి నడుములోంచి కత్తి తీశాడు. గుండెకు వస్తున్న పోటును లక్ష్మీరాజం కొరికిన చేతితోనే అడ్డుకున్నాడు. కత్తి అరచేతిని చీల్చుకుంటూ రెండు వేళ్ళను తోలు మీద వేలాడేసింది. లక్ష్మీరాజం ఆ చేతిని అట్లాగే వాడి కళ్ళలో కుక్కాడు. నెత్తురుతో చూపు మూసుకుపోయి జలపతి గుడ్డిగా పొడిచాడు. కత్తి భుజంలో దిగి ఎముకకు తగిలి విరిగింది. అప్పుడు లక్ష్మీరాజం వాడి మోకాలును రెండు రాళ్ళ సందులో పెట్టి, తన బరువంతా వేసి పడ్డాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడయింది. జలపతి అరుపుకు గుట్ట మీది కోతులు చెల్లాచెదురయ్యాయి.

తాడు వాడి గొంతు చుట్టూ పడింది. లక్ష్మీరాజం వీపు మీద మోకాలు పెట్టి లాగాడు.

"ఎవని కొడుకువిరా? ఏ ఊరు?"

"సిరి... సిరిసిల్లనే... బాలయ్యను... మా నాయిన గూడ సాంచె..."

"దళంల ఉన్నవా?"

"ఉంటి... పోలీసులకు దొరికిపోయిన... సారు సావుమన్నడు, లేకుంటే సంపుమన్నడు..."

తాడు బిగిసింది. బాలయ్య నాలుక బయటికొచ్చింది. ముఖం నల్లబడుతోంది. ఇంకొక్క గుంజు గుంజితే నర్సన్న పగ తీరిపోతుంది. లక్ష్మీరాజం కళ్ళ ముందు నెత్తుటి మరకను చుట్టుకుంటున్న సాంచె తిరిగింది. అప్పుడు అతని మోచేతిని ఎవరో పట్టుకున్నారు. సారయ్య. చితికిన ముక్కుతో, వేలాడుతున్న అతని వేళ్ళను చూస్తున్నాడు. తన పంచె అంచు చింపి, ఆ వేళ్ళను ఒకటిగా చేర్చి చుట్టి, తెగిన పోగును అతికినట్టే ఒక్క చేత్తో ముడివేశాడు.

లక్ష్మీరాజం తాడు వదులు చేశాడు. చచ్చినవాడు కోర్టులో మాట్లాడడు.

మండపంలో జనం చూస్తుండగా ఒక గుండువాడు, ఒక ముక్కు చితికినవాడు కలిసి మూడోవాణ్ణి ఈడ్చుకొచ్చారు. సత్యవ్వ మొగుడి తాడుతోనే వాణ్ణి మొగుడి స్తంభానికి కట్టింది. ఐలవ్వ కొడుకు ముఖం చూసి, కట్టేసినవాడి చెంప మీద చెప్పుతో ఎడాపెడా వాయించింది.

"నన్ను ఇడువుండ్రి! నేను పోలీసు మనిషిని!" బాలయ్య గొంతు చించుకున్నాడు. "వీడు పిచ్చోడు గాదు! నేను డ్యూటీల ఉన్న!"

తడిబట్టలతో ప్రదక్షిణ చేస్తున్న ఒక ముసలాయన ఆగి చూశాడు.

"పాపం, పెద్ద గాలే సోకింది. మా ఊళ్ళె ఒకడు గిట్లనే మంత్రినన్నడు."

"నిజం జెప్తున్ననే! నా నడుముల పిస్తోలుంది సూడుండ్రి!"

కట్టేటప్పుడే తీసిన పిస్తోలు సత్యవ్వ గటక గిన్నె కింద ఉంది. పూజారి వచ్చి తీర్థం చల్లి, నుదుట సింధూరం రాసి, "నలభై దినాలు ఉంచుండ్రి, తగ్గుతది," అని వెళ్ళిపోయాడు.

ఎండ కాస్త తగ్గుముఖం పట్టేసరికి పోలీసు సారు తానే కొండెక్కాడు. కింద జీపులో కూర్చుని విసుగొచ్చి ఉంటుంది. ఖద్దరు చొక్కా, చేతిలో టెంకాయ, నుదుట బొట్టు. వెనక మఫ్టీలో ఇద్దరు. లక్ష్మీరాజం దుప్పటి కప్పుకుని ఐలవ్వ వెనక ముడుచుకున్నాడు. చేతిలోంచి ఇంకా నెత్తురు ఊరుతోంది. సత్యవ్వ ఆ నెత్తురు కనపడకుండా దాని మీదికి ఒరిగింది.

సారును చూడగానే బాలయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"సార్! నేను సార్, బాలయ్యను! ఇడిపియ్యుండ్రి సార్!"

మండపమంతా అటు తిరిగింది. మంగళవారం జనం. పిల్లలను ఎత్తుకున్న తల్లులు, దండలు పట్టుకున్న మగవాళ్ళు, వందల కళ్ళు. సారు నడక ఆగలేదు. చూపు కూడా తిరగలేదు.

"సార్, గుర్తువట్టలేదా? సిరిసిల్లల నర్సన్నను కాల్సుమన్నది నువ్వే గద సార్! పక్కపొంటే ఉంటివి గద!"

సారు అప్పుడు ఆగాడు. మెల్లగా తిరిగి, కట్టేసినవాణ్ణి కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. చెయ్యి చొక్కా కిందికి పోయింది; అంతమంది జనాన్ని చూసి ఖాళీగానే బయటికి తీశాడు.

"ఎవడు వీడు?" అన్నాడు పక్కవాళ్ళతో.

"గాలి సోకినోడు దొరా. పోలీసోన్నని ఒర్రుతుండు," అంది సత్యవ్వ తలొంచుకుని.

"అయ్యో పాపం," అన్నాడు సారు. టెంకాయను స్తంభం పక్క రాయి మీద ఎంత గట్టిగా కొట్టాడంటే, చిప్ప పగిలి బాలయ్య ముఖాన నీళ్ళు చిమ్మాయి. తర్వాత మఫ్టీవాళ్ళతో ఏదో గొణిగి, వాళ్ళను వెంటబెట్టుకుని మెట్ల వైపు గబగబా దిగిపోయాడు. మనుషులను తేవడానికే దిగాడు. ఆ సంగతి లక్ష్మీరాజానికి తెలిసింది. బాలయ్యకు ఇంకా ముందే తెలిసింది. చొక్కా కింద పిస్తోలు మీదికి పోయిన ఆ చెయ్యి ఎవరి కోసం పోయిందో అందరికంటే బాగా తెలిసినవాడు వాడే.

వాడి అరుపులు ఆగిపోయాయి. విరిగిన కాలు కింద మడత పడి ఉంది, దాన్ని సరిచేసుకోవడం కూడా మరిచాడు.

"అన్నా," అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "వకీలు సారు అస్తడని ఇందాక అనుకుంటిరి గద. ఎప్పుడస్తడే?"

ఘాటు రోడ్డు మీద ఒక బండి మూలుగుతూ ఎక్కుతున్న చప్పుడు వినపడుతోంది. జీపా, బస్సా? ఒక మలుపు తిరిగింది. ఇంకో మలుపు తిరిగింది. ముగ్గురు సాంచె మనుషులు, గుడి జనం మోతలోంచి ఆ ఒక్క చప్పుడును ఏరుకోవడానికి చెవులు రిక్కించారు. సారయ్య ముందుగా నవ్వాడు.

బస్సు హారన్ కొట్టింది.

వకీలు సారు గుంపును తోసుకుంటూ వచ్చాడు. వెనక మెడలో కెమెరాలు వేసుకున్నవాళ్ళు. నెత్తుటి గుడ్డతో, గుండుతో లేచి నిలబడ్డవాణ్ణి గుర్తుపట్టడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

"లక్ష్మీరాజం! ఏందయ్యా గీ నెత్తురు? బతికే ఉన్నవ్ గద, చాలు. పద, బస్సు తిరిగేలోపు ఎక్కాలె. చూసినోనివి నువ్వొక్కనివే గదా?"

లక్ష్మీరాజం వంగి, ఎడమచేత్తో, స్తంభానికి కట్టిన ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"లేదు సార్," అన్నాడు. "ఇద్దరం."